కుక్కపిల్ల ఎన్ని చేతులు మారి మన ఇంటికొస్తది?

ఢిల్లీలోనో పుణెలోనో బెంగళూరులోనో ఉన్న కుక్కపిల్లని ఫోన్‌లో చూసి ఫిక్స్ అయిపోయిన హైదరాబాద్ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే, ఫ్లైట్‌లో తెప్పించాలా ట్రైన్‌లోనా, ఏది చీప్ ఏది సేఫ్ అని. నన్నడిగితే దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. అమ్మినోళ్ళ దగ్గర బయల్దేరిన పిల్ల మన దగ్గరికి వచ్చేలోపు ఎంతమంది చేతులు మారుతది, ఆ మధ్యలో ఎన్ని గంటలు అది ఎవరి చేతిలోనూ లేకుండా ఉంటది? బండి నడుస్తున్నంతసేపు పిల్ల చాలావరకు పడుకునే ఉంటది, ఇబ్బందంతా బండి ఆగినప్పుడే. కార్గో షెడ్‌లో వెయిటింగ్, ప్లాట్‌ఫామ్ మీద వెయిటింగ్, తెల్లారుజామున డ్రైవర్ ఫోన్ ఎత్తకపోతే రోడ్డు పక్కన వెయిటింగ్, ఈ టైంలో పిల్లకి వాంతి అయినా వణుకు వచ్చినా చూసే మనిషి ఉండడు, అడిగితే మాత్రం "నేను ఇచ్చేటప్పుడు బాగానే ఉంది అన్నా" అని ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. అందుకని ఈ వ్యాసంలో ఫ్లైట్, ట్రైన్, కారు, ఏజెంట్ దేని గురించి మాట్లాడినా నేను చేతుల లెక్కే వేస్తాను.

దానికంటే ముందు వయసు సంగతి తేల్చుకోవాలి, లొల్లి అంతా అక్కడే మొదలవుతది. 2017లో కేంద్రం తెచ్చిన డాగ్ బ్రీడింగ్ అండ్ మార్కెటింగ్ రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మడానికి లేదు, బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయ్యుండాలి, పిల్లకి మైక్రోచిప్, అంటే చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్, ఉండాలి. 2018 పెట్ షాప్ రూల్స్‌లో కూడా ఇదే వయసు. మార్కెట్‌లో మాత్రం "35 డేస్ పప్పీ, రెడీ" అని ఓపెన్‌గానే పోస్టులు పెడతారు. ఆ తొందర ఎందుకంటే ఆ వయసులో పిల్ల బొమ్మలా ఉంటది, చూడగానే అడ్వాన్స్ కొట్టేస్తాం, పైగా ఐదో వారం నుంచి పిల్లలు బాగా తినడం మొదలుపెడతాయి, ఆ తిండి ఖర్చు, వ్యాక్సిన్ ఖర్చు, డీవార్మింగ్ ఖర్చు అన్నీ మనమీద పడేస్తే అమ్మినోడికి మిగులు. కొనేవాళ్ళు కూడా "చిన్నప్పుడే తెస్తే బాగా అలవాటవుతది" అని నమ్ముతారు, నిజానికి తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర ఉన్న ఆ ఆఖరి మూడు నాలుగు వారాల్లోనే పిల్ల ఎంత గట్టిగా కొరికితే ఎదుటోడికి నొప్పి పుడుతుందో నేర్చుకుంటది. ముందే తెచ్చుకున్నోళ్ళు తర్వాత "మా వాడు చేతులన్నీ కొరికేస్తున్నాడు" అని ట్రైనర్ని వెతుక్కుంటారు.

ఎనిమిది వారాలు నిండితే బస్సెక్కించెయ్యొచ్చా అంటే, అక్కడ ఇంకో ముడి ఉంది. పుట్టిన మొదటి రోజు తాగిన పాలలో తల్లి నుంచి పిల్లకి యాంటీబాడీలు వస్తాయి, అవి రోజురోజుకీ తగ్గిపోతూ ఉంటాయి, ఏ పిల్లలో ఎప్పుడు తగ్గిపోతాయనేది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటది, కొన్నిట్లో ఆరు వారాలకి, కొన్నిట్లో పదహారు వారాల దాకా. అవి గట్టిగా ఉన్నంతకాలం మనం వేయించిన టీకాని కూడా పనిచెయ్యనివ్వవు. అంటే మధ్యలో కొన్ని రోజులు ఎలా ఉంటదంటే, తల్లిచ్చిన యాంటీబాడీలు జబ్బుని ఆపేంత లేవు, టీకాని అడ్డుకునేంత మాత్రం ఉన్నాయి, అపార్ట్‌మెంట్‌లో పగలు వాచ్‌మెన్ డ్యూటీ దిగిపోయి రాత్రి వాచ్‌మెన్ ఇంకా రాని టైం లాంటిది. ఆరో వారం నుంచి మొదలుపెట్టి పదహారు వారాల దాకా కొన్ని వారాలకోసారి టీకా మళ్ళీ మళ్ళీ వెయ్యమనేది ఇందుకే, డాక్టర్ డబ్బుల కోసం కాదు. మనం పిల్లని దేశం ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పేది సరిగ్గా ఈ సందులోనే. అందుకే "ఒక వ్యాక్సిన్ అయిపోయింది సార్" అనే మాట విని నిశ్చింతగా ఉండకూడదు. మొదటి పప్పీ డీపీ, అంటే డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బులకి వేసే టీకా, పడిన పిల్ల సగం కూడా సేఫ్ కాదు.

రేబిస్ టీకా మామూలుగా పన్నెండు వారాలకి వేస్తారు. ఎయిర్‌లైన్లు రేబిస్ వ్యాక్సిన్ ఎంట్రీ అడుగుతాయి. ఎనిమిది వారాల పిల్లకి ఆ ఎంట్రీ ఎక్కడ్నుంచి వస్తది? రాదు. అయినా వ్యాక్సిన్ కార్డులో రేబిస్ స్టిక్కర్ కనిపిస్తే దాన్ని అనుమానంతోనే చూడండి, వయసైనా అబద్ధం, స్టిక్కర్ అయినా అబద్ధం. నిజమైన కార్డులో స్టిక్కర్ మీద బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, పక్కన తేదీ, డాక్టర్ సంతకం, స్టాంపు, రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటాయి, ఆ క్లినిక్‌కి ఒక ఫోన్ కొట్టి ఈ పిల్లని చూశారా అని అడిగితే ఒక్క నిమిషం పని.

మరి ఎప్పుడు తెచ్చుకోవాలి? మనమే కారులో వెళ్ళి తెచ్చుకునేటట్టయితే తొమ్మిది పది వారాలు ఓకే అంటాను. ఫ్లైట్ ఐనా, వేరేవాళ్ళ చేత పంపించడమైనా పన్నెండు పదమూడు వారాలు ఆగడం మంచిది, రేబిస్ టీకా కూడా పడిపోతది, పిల్లకి తిండి పట్టు దొరుకుతది. దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది కొట్టిపారేసేది కాదు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల మనుషుల్ని, శబ్దాల్ని, కొత్త చోట్లని అలవాటు చేసుకునే టైం, అది దాటాక కొత్తదంటే భయం ఎక్కువవుతది. కాబట్టి బ్రీడర్ ఇంట్లో మనుషుల మధ్య, మిక్సీ చప్పుడు మధ్య పెరిగే పిల్ల అయితే పన్నెండు వారాలు హాయిగా ఆగొచ్చు, డాబా మీద బోనులో పెంచే పిల్ల అయితే ఆగినకొద్దీ నష్టం. ఆ రెండో రకం బ్రీడర్ దగ్గర అసలు కొనడమే వద్దనుకోండి, అది వేరే సంగతి.

ఇక బండ్ల సంగతి. అన్నిటికంటే బేకార్ పద్ధతి ముందు చెప్పేస్తా, ప్రైవేట్ ట్రావెల్స్ బస్సు డిక్కీ. బెంగళూరు నుంచి హైదరాబాద్‌కి రాత్రి బస్సులో అట్టపెట్టెకి నాలుగు చిల్లులు పొడిచి, డ్రైవర్ చేతిలో కొంత డబ్బు పెట్టి పంపించేస్తారు, పొద్దున్న వెళ్ళి పెట్టె తెచ్చుకోవడమే. ఇది మస్తుగా నడుస్తోంది, చాలా పిల్లలు బతికే వస్తున్నాయి కూడా, అందుకే జనానికి ధైర్యం. కానీ డిక్కీలో గాలి లేదు, ఏసీ లేదు, ఇంజిన్ వేడి, పొగ, పైన ఇంకో పది లగేజీలు, మధ్యలో హోటల్ దగ్గర బస్సు అరగంట ఆగితే లోపల వేడి ఎంతకి పోతదో ఎవరికీ తెలీదు. కేంద్ర ప్రభుత్వ 1978 ట్రాన్స్‌పోర్ట్ ఆఫ్ యానిమల్స్ రూల్స్‌లో కుక్కలకీ పిల్లులకీ ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది, ప్రయాణానికి ముందు వెటర్నరీ డాక్టర్ ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి, తిండి నీళ్ళు పెట్టి పంపాలి అని. డిక్కీలో వేసే పిల్లకి ఇవేవీ ఉండవు. చేతుల లెక్కలో చూస్తే చేతులు రెండే, కానీ మధ్యలో పది గంటలు ఎవరి చేతిలోనూ లేదు.

ట్రైన్ గురించి జనంలో సగం సమాచారమే తిరుగుతోంది. కుక్కని మనతోపాటు బోగీలో కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలోనే, అది కూడా ఇద్దరి కూపే గానీ నలుగురి క్యాబిన్ గానీ మొత్తం మన పార్టీకే దొరికితేనే. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్ కార్ వేటిలోనూ కుదరదు, అందుకే కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ వందే భారత్ ఎంత స్పీడ్‌గా వెళ్ళినా మనకి పనికిరాదు, అది మొత్తం చైర్ కారే. ఢిల్లీ వైపు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ లాంటి వాటిల్లో ఫస్ట్ ఏసీ ఉంటది. తిరకాసు ఎక్కడంటే టికెట్ కొన్నప్పుడు కూపే గ్యారంటీ కాదు, చార్ట్ తయారయ్యేటప్పుడే తేలుతది. ఇద్దరు కలిసి రెండు టికెట్లు ఒకే పీఎన్ఆర్ మీద తీస్కుని, కుక్క ఉందని, కూపే కావాలని రైల్వే వాళ్ళకి ముందే లెటర్ పెట్టుకుంటే ఛాన్స్ బాగుంటది. ప్రయాణం రోజు రెండు మూడు గంటలు ముందే స్టేషన్ పార్సిల్ ఆఫీసుకి టికెట్, ఐడీ, వ్యాక్సిన్ కార్డు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీస్కెళ్ళి కుక్కకి లగేజీ ఛార్జీ కట్టి రసీదు తీస్కోవాలి. రసీదు లేకుండా ఎక్కితే టీటీఈ పెనాల్టీ రాస్తాడు, బతిమాలినా లాభం లేదు.

కూపే రాకపోతే మిగిలేది బ్రేక్ వ్యాన్‌లోని డాగ్ బాక్స్. గార్డు ఉండే బోగీలో ఇనప గది అది, ఫ్యాన్ కూడా ఉండదు, పట్టాల చప్పుడు మాత్రం ఉంటది. పెద్ద కుక్కకి చలికాలంలో కొద్ది గంటలైతే ఏమో గానీ రెండున్నర నెలల పిల్లని ఢిల్లీ నుంచి సికింద్రాబాద్ దాకా, అంటే దాదాపు ఇరవై నాలుగు గంటలు, దాంట్లో వెయ్యడం నా దృష్టిలో తప్పు. రూల్ ప్రకారమే ఆరు గంటలు దాటిన రైలు ప్రయాణంలో తిండి నీళ్ళు చూసుకోడానికి తోడు మనిషి ఉండాలి. మన బోగీ ముందు, బ్రేక్ వ్యాన్ చివర, నాగ్‌పూర్‌లో బండి ఆగే కొద్ది నిమిషాల్లో ఆ చివరికి ఉరికి నీళ్ళు పెట్టి మళ్ళీ ఉరికి ఎక్కాలి. కూపే వచ్చిందా, ట్రైన్ అంత మంచిది ఇంకోటి లేదు, రాలేదా, టికెట్ క్యాన్సిల్ చేస్కోండి.

ఫ్లైట్‌కి వస్తే రెండు దారులు. ఒకటి మనతోపాటు క్యాబిన్‌లో, సీటు కింద పట్టే మెత్తటి బ్యాగులో. ఇది ఏ ఎయిర్‌లైన్ అనేదాన్ని బట్టి మొత్తం మారిపోతది. ఇండిగో సర్వీస్ డాగ్స్‌ని తప్ప పెట్స్‌ని ఎక్కించుకోదు. ఎయిర్ ఇండియాలో చాలా ఏళ్ళు బ్యాగుతో కలిపి 5 కేజీల లిమిట్ ఉండేది. ఆకాసా ఎయిర్ 2022 నవంబర్‌లో పెట్స్‌ని తీస్కోవడం మొదలుపెట్టి ముందు 7 కేజీలు పెట్టి తర్వాత 10 చేసింది. ఇవి మారుతూనే ఉంటాయి కాబట్టి టికెట్ కొనే రోజు వాళ్ళ సైట్‌లో చూసి, కస్టమర్ కేర్‌కి మెయిల్ రాసి, జవాబు ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి, కౌంటర్‌లో కూర్చున్న స్టాఫ్‌కి రూల్ తెలియకపోతే ఆ కాగితమే మాట్లాడతది. షిట్జూ, పొమెరేనియన్ లాంటివి మూడు నెలలకి కూడా ఈ బరువులో హాయిగా పట్టేస్తాయి. ల్యాబ్రడార్ పిల్ల ఎనిమిది వారాలకే నాలుగైదు కేజీలు, పన్నెండు వారాలకి పది దాకా, అంటే రేబిస్ పడేదాకా ఆగితే క్యాబిన్ దాటిపోతది, క్యాబిన్ కోసం తొందరపడితే రేబిస్ ఉండదు. పెద్ద జాతి పిల్ల కావాలంటే ఫ్లైట్ క్యాబిన్ ఆలోచన మానేసి ట్రైన్ కూపేనో కారో చూసుకోవడమే నయం.

రెండో దారి కార్గో. విమానం కింద అరలో చచ్చిపోతాయని జనం భయపడతారు గానీ జంతువుల్ని పెట్టే అరలో పైన మనకున్నట్టే గాలి ఒత్తిడి ఉంటది, లోపల ప్రాణమున్నది ఉందని పైలట్‌కి కాగితం కూడా వెళ్తది. అసలు గండం నేల మీద. ఢిల్లీ నుంచి శంషాబాద్ ఎగిరేది రెండుంపావు గంటలే, కానీ కార్గో టెర్మినల్‌లో మూడు నాలుగు గంటలు ముందే అప్పగించాలి, తర్వాత ట్రాలీ మీద ఎండలో విమానం దాకా వెళ్ళాలి, ఇక్కడ దిగాక మళ్ళీ ట్రాలీ, షెడ్డు, పేపర్ వర్క్, ప్యాసింజర్ టెర్మినల్ దగ్గర నిలబడ్డ మనకి కార్గో బిల్డింగ్ వేరే అని తెలిసేసరికి ఇంకో అరగంట. అంతా కలిపి పొద్దున్న ఏడింటికి బోనెక్కిన పిల్ల సాయంత్రం నాలుగింటికి దిగుతది, అందులో గాల్లో ఉన్నది పావు వంతు. కార్గో తప్పదంటే డైరెక్ట్ ఫ్లైట్ మాత్రమే, అది కూడా వేసవిలో తెల్లారుజామునో రాత్రో, కనెక్టింగ్ అస్సలొద్దు, ఫ్లైట్ లేట్ అయితే పిల్లని ఎక్కడ పెడతారో ముందే అడిగి రాసుకోవాలి.

బోను సంగతి ఎయిర్‌లైన్ల ప్రపంచ సంఘం ఐయాటా రూల్స్‌లో స్పష్టంగా ఉంది, పిల్ల తల తగలకుండా నిలబడాలి, వెనక్కి తిరగాలి, కాళ్ళు చాపి పడుకోవాలి. మరీ పెద్ద బోను కూడా మంచిది కాదు, బండి బ్రేక్ వేసినప్పుడల్లా పిల్ల ఈ గోడ నుంచి ఆ గోడకి జారిపోతది. క్లిప్పుల కంటే నట్టు బోల్టులు నమ్మకం. తలుపుకి బయట నుంచి నీళ్ళు పొయ్యగలిగే గిన్నె, కింద ఉచ్చ పీల్చుకునే ప్యాడ్, తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి. ఆ గుడ్డ ముక్క సెంటిమెంట్ అనుకుంటారు, కాదు, కుక్కకి ప్రపంచం సగం వాసనే.

పగ్, బుల్‌డాగ్, షిట్జూ, బాక్సర్ లాంటి చప్పిడి ముక్కు జాతులు కొనేవాళ్ళకి ఒక ముక్క. వీటి ముక్కు దారి, గొంతు ఇరుకు, కుక్కకి చెమట పెద్దగా పట్టదు, రొప్పుతూనే ఒళ్ళు చల్లబరచుకోవాలి, ఆ రొప్పడమే వీటికి కష్టం. 2010లో అమెరికా రవాణా శాఖ బయటపెట్టిన లెక్కల్లో విమాన ప్రయాణాల్లో చనిపోయిన కుక్కల్లో దాదాపు సగం ఇలాంటి ముక్కున్నవే. చాలా ఎయిర్‌లైన్లు వీటిని కార్గోలో తీస్కోవు, తీస్కున్నా మీరే రిస్క్ అని సంతకం పెట్టించుకుంటాయి. తీస్కుంటామన్నా పంపొద్దు.

కారు అంటే నాకు ఇష్టం, ఎందుకంటే చేతులు మారేది ఒక్కసారే, బ్రీడర్ ఇస్తాడు మనం పట్టుకుంటాం, అంతే. బెంగళూరు నుంచి హైవే 44 మీద అనంతపురం, కర్నూలు మీదుగా 570 కిలోమీటర్లు, తెల్లారి బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరతాం. ఇద్దరు వెళ్ళాలి, ఒకరు డ్రైవింగ్ ఒకరు పిల్లతో వెనక సీట్లో, ఒళ్ళో పెట్టుకుని ముద్దు చెయ్యడానికి కాదు, పిల్ల బోనులోనే ఉండాలి, బోను సీటు బెల్టుతో కట్టుండాలి. రెండు మూడు గంటలకోసారి ఆపి నీళ్ళు. ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది, దాబా దగ్గర ఆపి "పాపం పాస్ పోస్తది" అని పిల్లని నేల మీద వదలడం. దాబా చుట్టూ తిరిగే కుక్కల్లో పార్వో ఎన్నిసార్లు వచ్చిపోయిందో ఎవరికి తెలుసు, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతది. టీకాలు పూర్తవని పిల్ల కాలు దారిలో ఎక్కడా నేలకి తగలకూడదు. కారులోనే పేపర్ పరిచి దాని మీద పోయించండి, సీటు పాడైతే కడుక్కోవచ్చు.

ఇంకోటి, ఆగినప్పుడు ఏసీ ఆపి పిల్లని కారులో వదిలి ఇద్దరూ టీకి దిగిపోవడం. బయట 24 డిగ్రీలు హాయిగా ఉన్నా మూసిన కారులో పది నిమిషాల్లో 34 దాటుతది, అరగంటలో 43 దగ్గరికి పోతది. కర్నూలు దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం సంగతి మీరే లెక్కేస్కోండి. అద్దం కొంచెం దించితే చాలు అనేది ఉత్త నమ్మకం.

ఢిల్లీ నుంచి రోడ్డు మీద తెచ్చే షేరింగ్ వ్యాన్లు కూడా ఉన్నాయి, ఒక బండిలో పది పదిహేను బోనులు, దారి పొడవునా ఒక్కో ఊళ్ళో ఒక్కోటి దింపుకుంటూ. రేటు తక్కువ, కానీ ఆ పదిహేనులో ఒక్కదానికి విరేచనాలు మొదలైతే మిగతా పద్నాలుగూ అదే గాలిలో, అదే చేతుల కింద ఒకటిన్నర రోజు ఉంటాయి. ఏజెంట్‌కి ఇవ్వాలనుకుంటే మన పిల్లకి మాత్రమే ఒక మనిషి తోడొచ్చే సర్వీస్ అడగండి, ఫ్లైట్‌లో క్యాబిన్ బ్యాగుతో వస్తాడు, డబ్బు ఎక్కువవుతది, ఆ డబ్బుతో మనమే వెళ్ళి రావచ్చు కదా అనిపిస్తది, నిజమే, వెళ్ళి రండి, తల్లిని కూడా చూసొచ్చినట్టుంటది.

తిండి, మందుల విషయంలో ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇచ్చే సలహాలు ఎక్కువ, పనికొచ్చేవి తక్కువ. బయల్దేరే ముందు కడుపునిండా పెట్టేస్తే వాంతి, అస్సలు పెట్టకపోతే ఇంకా ప్రమాదం. మూడు నాలుగు గంటల ముందు తేలికగా పెట్టి, దారిలో అది రోజూ తినే తిండే కొంచెం కొంచెం ఇవ్వాలి. చిన్న జాతి పిల్లలకి లివర్‌లో నిల్వ ఉండే చక్కెర చాలా తక్కువ, ఐదారు గంటలు తినకుండా వణుకుతూ ఉంటే షుగర్ పడిపోతది, తూలడం, మగతగా ఉండటం, ఆ తర్వాత ఫిట్స్. అందుకని చిన్న తేనె సీసానో గ్లూకోజ్ పొడో దగ్గరుండాలి, పిల్ల మెత్తబడితే చిగుళ్ళకి రాసి వెంటనే డాక్టర్ దగ్గరికి, నోట్లో పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతది. షుగర్ ఫ్రీ రకాలు దగ్గరికి కూడా రానివ్వొద్దు, వాటిల్లో కొన్నిట్లో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కకి విషం. ఆవుపాలూ బిస్కెట్లూ దారిలో వద్దు, మోషన్స్ పట్టుకుంటాయి, తర్వాత అది ప్రయాణం వల్లనా పార్వో వల్లనా అని తేలక రాత్రంతా పరేషాన్.

"మత్తు మాత్ర ఒకటి వేస్తే హాయిగా పడుకుంటది" అనే మాట బ్రీడర్లు కూడా చెప్తారు. మనుషులకి బస్సులో వాంతులకి ఇచ్చే మాత్ర సగం విరిచి వేసి పంపేవాళ్ళున్నారు. మత్తులో ఉన్న పిల్లకి బీపీ పడిపోతది, ఒళ్ళు వేడి చల్లన సర్దుకోలేదు, బండి కుదుపుకి నిలదొక్కుకోలేదు, ఎయిర్‌లైన్లు మత్తిచ్చిన జంతువుని గుర్తిస్తే ఎక్కించుకోకుండా ఆపేస్తాయి. వాంతుల మందు కావాలంటే పిల్ల బరువు, వయసు చూసి వెట్ రాయాలి, అది కూడా ప్రయాణానికి ముందు ఇంట్లో ఒకసారి వేసి చూడాలి.

డబ్బుల మోసం సంగతి చెప్పకపోతే ఈ టాపిక్ సగమే అవుతది. ముద్దొచ్చే గోల్డెన్ పిల్ల ఫొటో, మార్కెట్ రేటులో సగం ధర, "ఆర్మీ ట్రాన్స్‌ఫర్ అయింది, మంచి ఇంటికి ఇవ్వాలి" అనే కథ. అడ్వాన్స్ పంపాక ఇంకో నంబర్ నుంచి ఫోన్, మేం ఎయిర్‌పోర్ట్ నుంచి మాట్లాడుతున్నాం, పిల్ల ఇక్కడే ఉంది, ఏసీ బోనుకి ఇంత కట్టండి, ఇన్సూరెన్స్‌కి ఇంత, అంతా రిఫండబుల్, కట్టకపోతే జంతు హింస కేసు మీ మీదే. నిజం కార్గో ఎప్పుడూ ఇలా దారి మధ్యలో విడతలవారీగా అడగదు, ఎయిర్ వే బిల్ నంబర్, అంటే కార్గో రసీదు నంబర్, ఉంటది, దాన్ని ఎయిర్‌లైన్ సైట్‌లో మనమే చూసుకోవచ్చు. అడ్వాన్స్‌కి ముందు వీడియో కాల్ చేసి, పిల్లని తల్లి పక్కన పెట్టమని, ఆ రోజు తేదీ కాగితం మీద రాసి పక్కన పట్టుకోమని అడగండి, సాకులు మొదలైతే అక్కడితో వదిలెయ్యండి. డబ్బు పోయాక ఐతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే ఆ అకౌంట్‌లో డబ్బు ఆగే ఛాన్స్ అంత ఎక్కువ.

మన దగ్గర ఇంకో రకం కేసు కూడా ఎక్కువే, అమెరికాలో ఉన్న కొడుక్కో కూతురికో ఇక్కడి నుంచి పిల్లని పంపాలనుకునేవాళ్ళు. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రూల్ మారింది, ఆరు నెలలు నిండని కుక్కని ఏ దేశం నుంచీ రానివ్వరు. ఇండియా రేబిస్ ఎక్కువున్న దేశాల లిస్టులో ఉంది కాబట్టి ఇక్కడ టీకా వేయించుకున్న కుక్కకి ఇంకా పేపర్లు కావాలి, అక్కడ సీడీసీ రిజిస్టర్డ్ సెంటర్‌లో ముందే బుకింగ్ ఉండాలి, రేబిస్ యాంటీబాడీల రక్త పరీక్ష రిపోర్ట్ లేకపోతే 28 రోజులు క్వారంటైన్. అందరూ దెబ్బతినేది వరసలో, మైక్రోచిప్ ముందు, రేబిస్ టీకా తర్వాత. టీకా వేసి తర్వాత చిప్ పెడితే ఆ టీకా లెక్కలోకి రాదు. కాబట్టి పంపే ఆలోచన ఉంటే మొదటి రోజే ఐఎస్ఓ, అంటే అంతర్జాతీయ ప్రమాణం ఉన్న చిప్ పెట్టించి, ఇక్కడే ఇంట్లో ఆరేడు నెలలు పెంచి, తర్వాత మాట్లాడుకోవాలి. అటు నుంచి ఇటు తెచ్చేవాళ్ళకి శంషాబాద్‌లో యానిమల్ క్వారంటైన్ ఎన్‌ఓసీ ఉండాలి, అది ఫ్లైట్ ఎక్కకముందే తెచ్చుకోవాల్సింది.

పిల్ల ఇంటికొచ్చాక కూడా ప్రయాణం అయిపోయినట్టు కాదు, ఇల్లలకగానే పండగ కాదన్నట్టు. రాగానే స్నానం చేయించి, చుట్టాల్ని పిలిచి, అపార్ట్‌మెంట్ పిల్లలందరి చేతుల్లో తిప్పి, కొత్త ఖరీదైన ఫుడ్ పెట్టేస్తారు. ఇవన్నీ వారం తర్వాత చేసుకోండి. మొదటి రెండు రోజులు ఒక మూల, చీకటిగా, చల్లగా, నీళ్ళు, బ్రీడర్ దగ్గర తిన్న తిండే. ఒకటి రెండు రోజుల్లో వెట్‌కి చూపించి మలం పరీక్ష చేయించాలి, ప్రయాణం స్ట్రెస్‌కి కడుపులో ముందే ఉన్న కాక్సిడియా అనే పరాన్నజీవుల్లాంటివి లేచి కూర్చుంటాయి. నారాయణగూడలో ప్రభుత్వ వెటర్నరీ ఆసుపత్రి ఉంది, శంషాబాద్ నుంచి వచ్చే దారిలోనే రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ క్లినిక్ ఉంది, ప్రైవేట్‌వి ఎలాగూ ఏరియాకి ఒకటున్నాయి. రాత్రి తెరిచుండేది ఏదో పిల్ల రాకముందే కనుక్కుని నంబర్ ఫ్రిజ్ మీద అంటించుకోండి.

పార్వో సోకాక బయటపడటానికి మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. అంటే ఇంటికొచ్చిన రోజు గంతులేసిన పిల్ల ఐదో రోజు తిండి మానేసి, వాంతులు, రక్తం వాసనతో విరేచనాలు మొదలుపెడితే అది చాలావరకు అక్కడి నుంచో దారిలోంచో తెచ్చుకున్నదే అయ్యుంటది. తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు, చిన్న పిల్లకి ఒంట్లో నీళ్ళు పోవడానికి ఒక రాత్రి చాలు. ఫినాయిల్‌తో ఎన్నిసార్లు తుడిచినా ఆ వైరస్ చావదు, బ్లీచ్ ఒక వంతుకి ముప్పై వంతుల నీళ్ళు కలిపి తుడవాలి. ఇది తెలుసు కాబట్టే డబ్బు మొత్తం ఇచ్చే ముందు బ్రీడర్‌తో వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి, పది రోజుల్లో పార్వో గానీ డిస్టెంపర్ గానీ పాజిటివ్ వస్తే ట్రీట్‌మెంట్ ఖర్చు ఎవరిది, దారిలో చనిపోతే డబ్బు ఎవరిస్తారు, పిల్లని అప్పగించిన టైం, బరువు, వీడియో ఎవరి దగ్గరుంటాయి అని. మంచి బ్రీడర్ వీటికి పెద్దగా అడ్డు చెప్పడు. "నమ్మకం లేకపోతే వద్దులే భయ్యా" అన్నాడంటే, సరే భయ్యా అని ఫోన్ పెట్టెయ్యండి.